ఫోనులో వీపు

“మొహం లేదేంటే?” అంది చెల్లెలు, బావ ఫోను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

“మొహం పెట్టి ఎవరైనా దొరికిపోతారా?” అంది అక్క, గుమ్మానికి వీపు రుద్దుకుంటూ.

ఫొటోలో ఓ ఆడమనిషి వీపు. నున్నగా మెరుస్తోంది, మధ్యలో ఓ ఎర్రమచ్చ. లేడీస్ టైలరు ఫోనులో వీపుండటం వింతేమీ కాదు. దాన్ని చర్మం డాక్టరమ్మకు పంపి, కింద రాసిందే వింత. ‘ఎలాగైనా బాగుచెయ్యండి. ఈమె లేకపోతే నాకు కత్తెర ఆడదు.’

ఇన్నేళ్ల కాపురంలో పెళ్లాం గురించి ఆయన అన్న గొప్పమాట, “ఉప్పు సరిపోయింది.”

“పోయిన నెల నువ్వడక్కుండానే జాకెట్టు కుట్టాడుగా బావ,” అంది చెల్లెలు.

“అదే మరి. కొలతలంటూ ఎంతసేపు నా వెనకే నిలబడ్డాడో. తప్పుచేసిన మొగుళ్లకే అంత ప్రేమ పొంగుకొస్తుంది.”

“ఏమాటకామాటే, వీపు మాత్రం బావుందక్కా.”

అక్క ఫోను లాక్కుంది. ఇలాంటి వీపు తనకుంటే ఆయన ఉప్పు దగ్గరే ఆగిపోయేవాడా?

ఒంట్లో ఏం వచ్చినా మందుల షాపుతోనే సరిపెట్టుకునే మనిషి, మర్నాడు ఆ డాక్టరమ్మ గది గడప తొక్కింది.

“టైలరు పంపిన ఫొటో ఉంది చూడండి, ఆమెకి అక్కనవుతాను,” అంది కళ్లార్పకుండా.

“ఆమెనే తీసుకురావాల్సింది,” డాక్టరు కుర్చీ చూపించింది. “చూస్తే తామరలాగే ఉంటుంది. పూతమందులకి లొంగట్లేదంటే చర్మంలో వచ్చే లింఫోమా కావచ్చు. అరుదైన క్యాన్సరు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ తేలదు.”

“మనిషి దక్కుతుందా?” అడిగింది. దక్కకపోతే బావుండునని మనసులో మెదిలినందుకు తనకే సిగ్గేసింది.

“ఇప్పుడే పట్టుకుంటే చాలామందికి అదుపులో ఉంటుంది. నాన్చితేనే భయం. కానీ డాక్టరు మాటెత్తితే ఆమె గయ్యిమంటుందట.”

“గయ్యాళన్నమాట,” అంది తృప్తిగా.

ఇక మిగిలింది ఆ గయ్యాళి కాపురంలో నిప్పు పెట్టడమే.

“ఇంతకీ, ఎవరో టైలరు ఆమె వీపు ఫొటో తీశాడని ఆమె మొగుడికి తెలుసా?”

డాక్టరు అయోమయంగా చూసింది.

“ఆ టైలరే కదండీ ఆమె మొగుడు.”