దేవ్లా నక్కవేట

“ఇయ్యాల నక్క దొరకకపోతే ఇంటి మీది గడ పీకుడే,” అంది దేవ్లా పెళ్లాం పుష్ప.

ఆ వెదురుగడ చివర కట్టిన తీగే దేవ్లా ప్రాణం. టేకులపల్లి పక్క తండాలో బోరు మోటార్లు బాగుచేసుకు బతికే అతను, పరీక్ష రాసి రేడియోలో మాట్లాడే లైసెన్సు తెచ్చుకున్నాడు. సొంత చేతులతో రేడియో కట్టాడు. ఆ తీగతోనే శ్రీలంక దాకా మాట్లాడతాడు. తండాలో చెప్పేటప్పుడు మాత్రం అది జపాన్ అవుతుంది.

“నువ్వు జపానోళ్లతోని ముచ్చట పెట్టినప్పుడల్లా నా టీవీల గీతలే. ఆ గడ పీకి బీరతీగకు పందిరేస్త.”

“మరి గెలిస్తే?”

“గెలిస్తే నీ జోలికి రాను. కానీ నీ ఎంబడే నేనూ వస్త. దొరకంది గూడ దొరికిందని చెప్పెటోనివి నువ్వు!”

నక్కంటే నిజం నక్క కాదు. అరచేతిలో ఇమిడే రేడియో పెట్టె. ఖమ్మం రేడియో క్లబ్బు నడిపే సుజాత మేడం ఏటా దాన్ని అడవి అంచున ఎక్కడో పెట్టిస్తుంది. అది ఆగకుండా కూస్తూనే ఉంటుంది. ఆ కూత పైకి వినబడదు, రిసీవరుకే అందుతుంది. ఎటు నుంచి వస్తోందో యాంటెన్నాతో పసిగట్టి, మధ్యాహ్నం పన్నెండు లోపల పట్టుకున్నవాళ్లదే కప్పు. పోయినేడు చెట్టుతొర్రలో దొరికింది. దొరికింది ముదిగొండ బాలకృష్ణ సారుకి.

సారుది కొన్న యాంటెన్నా. దేవ్లాది, ప్లాస్టిక్ పైపుకి ఇనుప కొలతటేపు ముక్కలు బిగించి చేసింది. రిసీవరేమో సబ్బుపెట్టెలో, దాని ఇయర్‌ఫోన్ చెవిలో.

తొమ్మిదికి మేడం విజిల్ ఊదింది. దేవ్లా టేకుచెట్ల మధ్య పడి పరుగు. వెనకాలే పుష్ప. పది అడుగులు వేశాడో లేదో, చెవిలో కూత దద్దరిల్లింది.

“చూసినవా నా టేపు పవరు! ఎటు తిప్పినా మోగుతాంది!”

“అన్ని దిక్కులా మోగితే నక్క ఏ దిక్కున్నట్టు?”

దేవ్లా సబ్బుపెట్టెను రెండు దెబ్బలేసి ముందుకు నడిచాడు.

కాళ్లు నొస్తున్నాయని పుష్ప ఇప్పచెట్టు కింద కూలబడింది. దేవ్లా యాంటెన్నా అటు తిరిగింది. చెవులు చిల్లులు పడ్డాయి.

“ఈడనే ఉన్నది!” అంటూ చెట్టెక్కాడు. నక్క లేదు, ఎర్రచీమలున్నాయి.

తర్వాత పుష్ప తునికిచెట్టు నీడకు చేరింది. కూత అక్కడా మోగింది. అదీ ఎక్కాడు. ఆ తర్వాత మద్దిచెట్టు. దాని మీంచి కొమ్మతో సహా దిగాడు.

“ఇంకెన్ని ఎక్కుతవయ్యా, కోతి లెక్క?”

పదకొండున్నరకు పొదలు కదిలాయి. బాలకృష్ణ సారు! యాంటెన్నా ముందుకు చాపి, అడుగులో అడుగేస్తూ వస్తున్నాడు. పుష్ప పక్కకు జరిగితే యాంటెన్నా పక్కకు జరిగింది. పుష్ప మొగుడి వెనక్కి పోతే, సారు చుట్టూ తిరిగి అటే వచ్చాడు.

దేవ్లాకి ఒళ్లు మండింది.

“ఏంది సారూ! పిల్లలకు పాఠాలు చెప్పెటోళ్లు! మా ఆడమనిషి దిక్కు ఆ పుల్లలు చాపుడేంది?”

“అయ్యో, అది కాదు దేవ్లా... సిగ్నల్ ఇటే...”

“సిగ్నలా! మూడు చెట్లెక్కి దిగిన, నాకు దెల్వదా? జల్ది నడువుండ్రి!”

పుష్ప కొంగు నిండా కప్పుకుని తల దించుకుంది. సారుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. యాంటెన్నా చంకలో ఇరికించుకుని, వచ్చిన దారినే గబగబా పోయాడు.

పన్నెండైంది. విజిల్ మోగింది. అందరూ ఉత్త చేతులతో వచ్చారు. సారు దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు.

“సారుకు గూడ దొరకలే గదనే. గడ ఉండనియ్యరాదూ,” గొణిగాడు దేవ్లా.

“మాటంటే మాటే. పొద్దుగూకే లోపు దిగాలె.”

సుజాత మేడం పడీపడీ నవ్వుతూ వచ్చి చెయ్యి చాపింది.

“పుష్పా, మూడు గంటలసంది మోసినవ్, ఇగ ఆ నక్కను ఇటియ్యి!”