మూడో సెట్టు

"రెండు సెట్లు చాలవమ్మా, మూడు కావాలి," అన్నాడు బల్ల వెనక కూర్చున్న గుమస్తా.

రామాంజినమ్మకు ఒళ్లు మండింది.

"బయట బోర్డు మీద రెండని రాసినారు కదప్పా! మా పాప అది చూసే తెచ్చింది."

"ఆ బోర్డు పాతది."

"పాతదైతే పీకి పారేయండి! రాయదుర్గం నుంచి ఎండన పడి వచ్చినోళ్లతో ఆటలాడుతాండారా?"

గుమస్తా తల ఎత్తలేదు. "మూడో సెట్టు జెరాక్సు లేకపోతే సీటు లేదు. తర్వాత ఎవరు?"

యూనివర్సిటీలో ఆ రోజు మిగిలిపోయిన పీజీ సీట్లు ఇస్తున్నారు. మార్కుల వరసలో మైకులో పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు హాల్లో లేకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. అందుకే కూతురు జ్యోతిలక్ష్మి కుర్చీలోంచి కదలడానికి లేదు.

రామాంజినమ్మ రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తుంది. ఎంత తోమినా ఆ నీలిరంగు ఆమె వేళ్లను వదలదు. ఈ సీటు రాకపోతే సోమవారం నుంచి కూతురు కూడా తన పక్కనే మిషను ముందు కూర్చోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటే చాలు, ఎదురుపడ్డ ప్రతివాడి మీదా ఆమెకు కోపం వస్తోంది.

"జెరాక్సు యాడ తీస్తారు?" అంటూ కూతురి దగ్గరికొచ్చింది.

"లోపలి మిషను చెడిపోయింది చిన్నమ్మా. గేటు బయటికి పోవాల," అంది పక్క కుర్చీలో పిల్ల.

తాడిపత్రి పిల్ల. నాయనది బండల పాలిష్ పని. పని మాని రాలేక ఒక్కదాన్నే బస్సెక్కించాడట. పొద్దున్నుంచి ఆ పిల్ల సీసాలో నీళ్లు సగానికి పైగా తాగింది రామాంజినమ్మే.

"ఎంత దూరం?"

"చానా దూరం. ఆ నొప్పుల మోకాళ్లతో నువ్వు పోయి వచ్చేసరికి పొద్దు మునుగుతాది. ఇట్లియ్యి, నేను ఉరికి వస్తా. నా పేరు రావడానికి ఇంకా టైముండాది."

రామాంజినమ్మ కవరు చేతికిచ్చింది. "ఒరిజినల్సు! పోగొట్టినావంటే నా పానం తీసినట్టే."

పిల్ల గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఏదో కేకేసింది. మైకు మోతలో వినపడలేదు.

"పో, బిర్రన పో!" అని రామాంజినమ్మ చెయ్యి విసిరింది.

జాబితాలో ముందున్నవాళ్లు సగం మంది రానే లేదు. పేర్లు అనుకున్నదానికంటే తొందరగా దాటిపోతున్నాయి. పిల్ల జాడ లేదు.

"మా, ఆ యమ్మి ఇంకా రాలేదే!" అంది జ్యోతిలక్ష్మి గుమ్మం వైపు చూస్తూ.

"యాడో ముచ్చట్లు పెట్టుకుని నిలబడింటాది. ముక్కూ మొగం తెలీని దాని చేతిలో నీ బతుకు పెడితి చూడు, నన్ననాల!"

"కెమిస్ట్రీలో ఇదే ఆఖరి సీటు," అన్నాడు మైకులో సారు. "కృపాకుమారి!"

ఎవరూ లేవలేదు.

"నా ముందర ఆమె ఒక్కతే మా," అని గుసగుసగా చెప్పింది జ్యోతిలక్ష్మి.

"కృపాకుమారి! ఆమె తరఫున ఎవరైనా ఉన్నారా?" సారు హాలంతా చూశాడు. "బయటికి వెళ్లిందేమో, రెండు నిమిషాలు చూద్దాం."

"ఏం చూసేది సార్!" రామాంజినమ్మ లేచి నిలబడింది. "పొద్దున్నుంచి ఈడ కాసుకోనుండేది మేము. టయానికి రానోళ్లకు సీటేంటికి? కొట్టేయండి ఆ పేరు!"

"నిజమే సార్, కొట్టేయండి," అని వెనక నుంచి నలుగురు గొంతు కలిపారు.

సారు పెన్నుతో గీత గీశాడు. "జ్యోతిలక్ష్మి!"

"ఉండాది సార్, ఇదో, ఈడే ఉండాది! కాగితాలు జెరాక్సుకు పోయినాయి. రెండు నిమిషాలు ఆగండి సార్."

"అదెట్ల కుదురుతాది? మా పాపవి అన్నీ రెడీగా ఉండాయి," అన్నాడు వెనక వరసలోని తెల్లచొక్కా ఆయన.

"ఏమన్నా, నువ్వు బిడ్డను కన్న తండ్రివి కాదా? రెండు నిమిషాలకు నీ సొమ్మేం పోతాది?" రామాంజినమ్మ విసురుగా పోయి బల్ల ముందు అడ్డంగా కూర్చుంది. "మీ బోర్డు తప్పుకు నా బిడ్డ నష్టపోవాల్నా సార్? నన్ను ఈడ నుంచి ఎవరు లేపుతారో లేపమనండి!"

సారు నుదురు రుద్దుకున్నాడు. "సరేలేమ్మా. రెండు నిమిషాలే."

ఆ రెండు నిమిషాలూ అయిపోయి, తెల్లచొక్కా ఆయన మళ్లీ నోరు తెరిచేసరికి పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహమంతా చెమట. తెగిన చెప్పు ఒకటి చేతిలో ఉంది.

"గేటు కాడ కరెంటు పోయింది చిన్నమ్మా. ఇంకో అంగడి దొరికేదాకా ఉరికినా..."

"యాడ సచ్చినావే ఇంతసేపు? కొంచెముంటే నా బిడ్డ గొంతు కోసేసింటివి గదా!"

రామాంజినమ్మ కవరు లాక్కుంది. గుమస్తా మూడు సెట్లూ తిరగేసి ముద్ర వేశాడు. జ్యోతిలక్ష్మి అక్కడే నిలబడి ఏడ్చేసింది.

అప్పటికి గానీ రామాంజినమ్మకు కోపం దిగలేదు. దిగాక, తాను తాగిన నీళ్లు గుర్తొచ్చాయి. పిల్ల దగ్గరికి నడిచింది.

"సీట్లు అయిపోయాయి. మిగిలినవాళ్లు వెళ్లొచ్చు," అంది మైకు.

జనం లేచారు. ఆ పిల్ల లేవలేదు. తెగిన చెప్పు ఒళ్లో పెట్టుకుని సారు వైపే చూస్తోంది.

"కోపంలో నోరు జారితి పాపా, మనసులో పెట్టుకోవద్దు," అంది రామాంజినమ్మ. "అవునూ, నిన్నింకా పిలవనే లేదే?"

పిల్ల ఆమె వైపు తిరిగింది.

"పోతా పోతా గుమ్మం కాడ నుంచి అరిచి చెప్తి గదా చిన్నమ్మా, కృపాకుమారిని పిలిస్తే వస్తాండాదని సారుకు చెప్పమని... చెప్పినావా?"