పునాది చుట్టూ పాతగడ్డి

తెల్లారి లేచి చూస్తే కొత్త పునాది అంచుల వెంట ఎవరో కుళ్లిన గడ్డి పరిచి పోయారు.

చెప్పడానికే రోతగా ఉంటుంది. పేడ, రంపపు పొట్టు, ఏళ్లనాటి చెమ్మ కలిసి నల్లగా ముద్దకట్టిన గడ్డి. ఒక ముద్దలో చచ్చిన ఎలుక కూడా ఉంది.

హిల్కా దూరంగా జరిగి నిలబడింది. ఆమె మొగుడు తువోమో ముక్కు మూసుకుని, ఆ కంపంతా పారతో ఎత్తి పక్క కాలవలో పారేశాడు.

ఉత్తరాది మంచుదేశంలో, కైనూ అడవుల అంచున ఆ దంపతులు కట్టుకుంటున్న మొదటి ఇల్లు అది. అడుగున మందపాటి థర్మాకోల్ పలకలు, వాటి మీద కాంక్రీటు. అంచుల చుట్టూ మట్టిలో పరచాల్సిన పలకలు మిగిలి ఉండగానే మంచు మొదలైంది. ఆ పనీ, గోడలూ వసంతానికి వాయిదా వేశారు. అంతవరకు పక్కనే నిలిపిన కారవాన్ బండిలో కాపురం. ఈ పునాది నిలిస్తేనే వచ్చే చలికాలానికి సొంత గూడు.

మర్నాడు మనిషి దొరికాడు. మంచు మీద జారే బండి నిండా అదే చెత్త వేసుకుని, ఎవరో ముసలాయన. కోటుకూ అదే కంపు. మీసాల మీద చీమిడి గడ్డకట్టి ఉంది.

"నీ కొట్టంలోని పెంట పోసుకోడానికి మా పునాదే దొరికిందా తాతా?" తువోమో కసిరాడు.

"అంచులు కప్పాలి బాబూ. పొయ్యి లేని ఇల్లు కదా, చలి పక్కనించి దూరుద్ది. నేల గడ్డకట్టి పునాదిని పైకి తంతది."

"కింద జానెడు థర్మాకోలుంది. నువ్వెళ్లు."

ఈ మనిషిని ఇంకోసారి ఇటు రానివ్వద్దని హిల్కా కారవాన్ తలుపు సందులోంచి అంది, ఆయనకు వినపడేలాగే. తువోమో బండిలో ఉన్నదంతా కాలవలోకి బోర్లించాడు.

ముసలాయన కాసేపు ఆ కాలవలోకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకున్నారు. పైగా మంచు పడ్డప్పుడల్లా తువోమో పునాది మీదా చుట్టూ శుభ్రంగా ఊడ్చేసేవాడు. పేరిన మంచు కూడా నేలను చలి నుంచి కాస్తుందని, అది ఊడ్చడమంటే ఒంటి మీద దుప్పటి లాగేసినట్టని ఆ శుభ్రాల మనిషికి తోచలేదు.

వసంతంలో చూస్తే పునాది ఒక మూల పైకి లేచింది. నడుమన చెయ్యి దూరేంత చీలిక.

అప్పుడు ముసలాయన గుర్తొచ్చాడు. మొహం చెల్లకపోయినా, కాఫీ పొడి ప్యాకెట్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లారు. ఊరి చివర సైమా అనే ఆవిడ వాకిట్లో ఇంకా కరగని మంచు తీస్తోంది.

ఆనవాళ్లు చెబితే, ఆయన పేరు ఏమెలి అని ఆమె చెప్పింది. చలికాలం మధ్యలో పోయాడట. ఇంటి నేల గడ్డకట్టి, ఛాతీకి చలి పట్టిందట. ఇన్నాళ్లకు ఊళ్లో కొత్త ఇల్లు లేస్తోందని అందరికీ చెప్పుకుని మురిసిపోయాడట.

"మరి ఆయన పశువుల్ని ఎవరు చూస్తున్నారండీ?" హిల్కా అడిగింది.

"పశువులెక్కడివమ్మా? ఆఖరి ఆవు పోయి ఏళ్లయింది."

"అయితే ఆ గడ్డి..."

సైమా తన ఇంటి వైపు చూపించింది. కొయ్యగోడల మొదట్లో, చలి నేల కిందికి దూరకుండా, గడ్డీ పేడా రంపపు పొట్టూ మెత్తి కట్టిన గట్టు ఉంది. అక్కడి పాత ఇళ్లన్నిటికీ ఉంటుంది.

ఎదురుగా ఏమెలి ఇంటికి మాత్రం, గోడల చుట్టూ ఆ గట్టు తవ్వేసిన గుంటే ఉంది.