డెమో పీసు

సంచీలో అడుగున తువ్వాలు. దాని మీద రెండు జతల బట్టలు. పక్కన దువ్వెన, తలనొప్పి మాత్రలు. ఛార్జరు మాత్రం అన్నిటికంటే పైన ఉండాలి. కిందటి వారం అది అడుగున పడిపోతే, దుకాణం కౌంటరు మీద సంచీ మొత్తం గుమ్మరించాల్సి వచ్చింది. అందరూ చూస్తుండగా లోబట్టలతో సహా.

సోమవారం పొద్దున్నే ప్రయాణం. మళ్ళీ శనివారం దాకా ఊరూరా కంప్యూటరు దుకాణాలు. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఆ అలసట మనుషులకే కాదు, ఇంటి గోడలకు కూడా పట్టేసింది.

టేబుల్ దగ్గర ఆయన డెమో మొదలైంది. బయల్దేరే ముందు అంతా ఒకసారి వల్లె వేయడం ఆ ఇంట్లో అలవాటు. ఆయన అమ్మేవాడు. ఆమె కొనడానికి వచ్చిన పేచీకోరు.

"నమస్కారం మేడమ్! మీకు ల్యాప్‌టాప్ కావాలా, టాబ్లెట్ కావాలా?"

"రెండూ కావాలి. ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇవ్వాలి," అంది ఆమె జిప్పుతో కుస్తీ పడుతూ.

"మంచి ప్రశ్న వేశారు మేడమ్!"

"ఇది ప్రశ్నా, నా మొహమా! ఏమన్నా మంచి ప్రశ్నే అంటారు మీరు."

"ఇదిగో చూడండి. కీబోర్డు ఉంటే ల్యాప్‌టాప్." టక్కుమని చప్పుడైంది. "ఊడదీస్తే టాబ్లెట్. వెనక ఈ రెక్క తెరిచారనుకోండి, దానంతట అదే నిలబడుతుంది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు."

"దాని అదృష్టం బాగుంది."

"నవ్వకు. నువ్వు నవ్వితే నేను మర్చిపోతాను."

"ఎవరు నవ్వారు? నాకంత ఓపిక కూడానా!"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "తెర మీద వేలితో రాయొచ్చు, పెన్నుతో రాయొచ్చు. ముందొక కెమెరా, వెనకొక కెమెరా. ఒకసారి ఛార్జింగు పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఢోకా లేదు."

"టీ పెట్టనా?"

"బరువంటారా, కిలో కూడా ఉండదు."

"టీ అంటే బరువంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా పని."

ఆయనకు దగ్గు వచ్చింది. ఆమె తల కూడా ఎత్తలేదు.

"ఎప్పుడూ ఇక్కడే దగ్గుతారు."

"క్షమించాలి మేడమ్. ఎక్కడున్నాం? ఆఁ, మెమరీ. ఎన్ని ఫొటోలు, ఎన్ని వీడియోలు దాచుకున్నా నిండదు. ఇది డెమో పీసు కాబట్టి కంపెనీ తాళం వేసింది, ఇందులోది బయటికి కాపీ అవదు. మీరు కొనేదాన్లో ఆ బెడద ఉండదు."

తలుపు చప్పుడైంది. పక్కింటావిడ. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"ఇంకా డెమో అవలేదా వదినా? గోడవతల మాకు కూడా కంఠతా వచ్చేసింది. నిన్న మా చిన్నది వాళ్ళ నాన్నకి చిరిగిన గొడుగు అమ్ముతోంది. 'మంచి ప్రశ్న వేశారు మేడమ్' అంటూ."

"కొన్నాడా మరి?"

"కొనక చస్తాడా!"

ఇద్దరూ కాసేపు నవ్వారు. తర్వాత పక్కింటావిడ గొంతు తగ్గించింది. "ఇది వెనక్కి ఇచ్చేయమన్నారట, నిజమేనా?"

"నిజమే. మోడల్ పాతబడిందట. ఈ వారం ఒక్క దుకాణం వాళ్ళయినా ఆర్డరిస్తే ఇంకొన్నాళ్ళు ఉంచుతానన్నాడు మేనేజరు. లేకపోతే శనివారం అప్పగించాలి. అప్పగించిన క్షణమే లోపలున్నదంతా తుడిచేస్తారట."

"బతిమాలి చూడకపోయావా?"

"చూశాను. 'కొత్తది ఇస్తాంగా, ఇంకా పల్చగా ఉంటుంది, ఇంకా వేగంగా ఉంటుంది' అన్నాడు. చంటిపిల్లకి బొమ్మ మార్చి ఇచ్చినట్టు చెప్పాడు."

"పోనీలే, కొత్తదైతే మంచిదేగా..." అనబోయిన ఆవిడ టేబుల్ వైపు చూసి నాలిక కరుచుకుంది. "ఎవరో ఒకరు కొంటార్లే వదినా. దిగులు పెట్టుకోకు," అని వెళ్ళిపోయింది.

ఆమె మంచం అంచున కూర్చుంది. ఈ మధ్య ఏ దుకాణంలోనూ ఎవరూ ఈ మోడల్ వైపు తలతిప్పి చూడటం లేదు. పక్కనే తళతళలాడే కొత్తవి వరసగా ఉంటాయి. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయిన దీన్ని చూపించి ఎవరిని ఒప్పించాలి? ఒప్పించలేకపోతే శనివారం సాయంత్రం ఈ ఇంట్లో ఏం మిగులుతుంది? రాత్రంతా ఇదే ఆలోచన. కళ్ళు మండుతున్నాయి.

"ఇంకేమైనా సందేహాలున్నాయా మేడమ్? మొహమాటం లేకుండా అడగండి," అన్నాడు ఆయన.

ఆయన కాసేపు ఆగాడు. ఎదుటి మనిషికి సమయం ఇవ్వాలి, అడిగేదాకా ఓపిక పట్టాలి. అమ్మకంలో అదే కిటుకని ఎప్పుడూ చెప్పేవాడు.

"ఏవండీ," అంది ఆమె. ఇప్పుడు పేచీకోరు గొంతు కాదు. "ఎవరూ కొనకపోతే నేనేం చేయాలి?"

"మంచి ప్రశ్న వేశారు మేడమ్!"

ఆమె లేచి కిటికీ మూసింది.

"తొందరేం లేదు. ఇంటికి వెళ్ళి నిదానంగా ఆలోచించుకోండి. నేను మళ్ళీ వస్తాను."

బయట తొలి బస్సు హారను మోగింది.

"సరే," అని టాబ్లెట్ మూసి సంచీలో పెట్టుకుని, మూడేళ్లుగా ఆయన బదులు తను చేస్తున్న ఉద్యోగానికి ఆమె బయల్దేరింది. ఆ డెమోను అందులో రికార్డు చేసుకున్న మర్నాడు, ఒక ఆదివారం పొద్దున, సబ్బుబిళ్ళ కోసం వీధి చివరికి వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు.