ఏడో నమస్కారం

మా అక్క పోయి ఏడాదైంది. అయినా రోజూ పొద్దున్నే తన గొంతు వింటూనే సూర్య నమస్కారాలు చేస్తాను. ఒక్కో నమస్కారానికి పన్నెండు అంకెలు లెక్కపెడుతూ తను చేస్తుంటే ఫోన్‌లో రికార్డు చేశాను.

ఆరో నమస్కారం కాగానే ఆపేస్తాను. ఆ తర్వాత ఉన్నది ఇంట్లో ఎవరూ వినలేదు. వినకూడదు. చెరిపేయడానికి చేతులు రావు.

ఇవాళ మా కోడలు నా పక్కన చాప పరిచింది.

"అత్తయ్యా, ఏడాదిలో ఒక్కరోజు కూడా మానలేదు మీరు. నేనేమో వంగితే మళ్ళీ లేస్తానో లేదో!"

కాదనలేకపోయాను. ఫోన్ తన చాప మీదే పెట్టుకుంది. అక్క లెక్కపెడుతుంటే మూలుగుతూనే ఆరూ పూర్తిచేసింది. నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను.

"ఉండండత్తయ్యా, పెద్దత్తయ్య ఇంకా ఏదో అంటున్నారు."

"ఇక చాలే చెల్లీ," అంటోంది అక్క. "ఛాతీలో ఏదోలా ఉంది."

వెంటనే నవ్వుతూ నా గొంతు. "నీ బద్ధకం నాకు తెలీదా? నిన్న ఎగ్గొట్టావుగా, దానికి బదులు ఇంకొకటి చెయ్యి."

అక్క నా మాట ఎప్పుడూ తీసేసేది కాదు. "ఒకటి" అంది. "రెండు" అంది.

కోడలు నా వైపు చూడడం మానేసి ఫోన్‌నే చూస్తోంది.

"ఐదు" తర్వాత ఏదో బరువుగా పడిన చప్పుడు. ఆ పైన నా గొంతు ఒక్కటే, ఇంకా నవ్వుతూనే.

"ఊఁ... ఆరు అనవేం?"