పదకొండు గంటల ఫోను

పదకొండు కావస్తోందంటే చాలు, కుట్టుమిషను ఆగిపోతుంది. ఆవిడ జుట్టు సవరించుకుని, ఫోను పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

కండక్టరుకి ఒళ్లు మండిపోతుంది.

మహమ్మారి దెబ్బకి బస్సులు ఆగిపోయి నెలన్నర. అప్పట్నుంచీ మొగుడూ పెళ్లాం ఇంట్లోనే. ఆవిడకి ఆరేళ్లుగా మెడనొప్పి. ఆస్పత్రిలో నొప్పుల విభాగం మూసేశారు కాబట్టి రోజూ ఫోన్లోనే కనుక్కుంటున్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇరవై నిమిషాలా?

తలుపు సందున చెవి ఒగ్గాడు. అవతల మగగొంతు. మాటలు తెలియలేదు గానీ తేనె పూసినట్టుంది.

"రాత్రి ఎడమపక్కకి ఒత్తిగిలలేకపోయానండీ," అంటోంది ఆవిడ. "మాస్కులు కుడుతుంటే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మీరడిగారు కాబట్టి చెబుతున్నా." తర్వాత చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో. తన దగ్గరైతే "నొప్పి" అని ఒక్క ముక్క, అంతే.

లోపలికి రాగానే అడిగాడు. "ఎవరతను?"

"ఆస్పత్రి నుంచి."

"పేరు లేదా?"

"చెప్పలేదు."

"ఏముందట ఆ మహానుభావుడిలో?"

ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది. "నా మాటకి అడ్డురాడు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు."

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. మర్నాడు నున్నగా గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ చూడనే లేదు.

మూడోరోజు సరిగ్గా ఆ వేళకే పక్కింటావిడ మాస్కుల కోసం వచ్చి ఆవిడని గుమ్మంలో ఆపేసింది. లోపల ఫోను మోగింది. కండక్టరు ఒక్క అంగలో అందుకుని, రెండు రోజులుగా మనసులో నూరుకుంటున్నదంతా కక్కేశాడు.

"నేను ఆమె మొగుణ్ణి మాట్లాడుతున్నా. ఊళ్లో ఇంకెవరికీ నొప్పుల్లేవా? రోజూ మా ఇంటికే చేస్తావేం? నీకు పెళ్లాం లేదా?"

అవతలి గొంతు తొణకలేదు, బెణకలేదు.

"నమస్కారమండీ. ఈరోజు మీకెలా ఉంది?" అంది ఎంతో ఆప్యాయంగా.

గొంతు అదే నిదానంతో కొనసాగింది.

"నొప్పి తగ్గితే ఒకటి, పెరిగితే రెండు నొక్కండి, వివరంగా చెప్పాలనుకుంటే బీప్ శబ్దం తర్వాత మాట్లాడండి."