ఐసు చేతులు

వాణి గొంతులోంచి థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేసిన రోజే, పక్క మంచం మీది పేరమ్మకూ అదే ఆపరేషన్ జరిగింది.

నెల్లూరులో ఒక ఆసుపత్రి. రెండు మంచాల గది.

వాణి అల్లూరు హైస్కూల్లో టీచరు. పేరమ్మ సముద్రం ఒడ్డు పల్లెలో, షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. ఇద్దరి మెడకూ ఒకే రకం కట్టు.

"ఒకే టైలరు దగ్గర కుట్టించుకున్నాం టీచరమ్మా," అంది పేరమ్మ బొంగురు గొంతుతో.

వాణి ముభావంగా తల ఊపింది.

"ఇంటి మీద బెంగా?"

"శుక్రవారం మా అమ్మ సంవత్సరీకం. సంగంలో మా పుట్టింటికి పోవాలి."

పోయిన ఏడాది అమ్మ ఆఖరి చూపుకు వాణి అందలేదు. ఈసారైనా తప్పకూడదు. గురువారం ఇంటికి పంపుతానని డాక్టరు చెప్పాడు. రక్తంలో కాల్షియం పడిపోకుండా ఉంటేనే.

"థైరాయిడ్‌ను అంటుకుని చిన్న చిన్న గ్రంథులుంటాయి. కాల్షియం సంగతి చూసేవి అవే. ఆపరేషన్ తర్వాత కొందరికి అవి మొద్దుబారతాయి. వేళ్ళు తిమ్మిరెక్కినా, మూతి చుట్టూ చీమలు పాకినట్టున్నా వెంటనే చెప్పండి. దాచిపెడితే ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు.

నర్సు ఎలిశబెతు గదిలోకి వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న.

"తిమ్మిరేమైనా ఉందామ్మా?"

"నా చేతులకు తిమ్మిరి లేనిదెప్పుడు సిస్టరమ్మా? పొద్దస్తమానం ఐసులో నానే చేతులు. మొగుడు పట్టుకున్నా తెలీదు," అనేది పేరమ్మ.

ఎలిశబెతు పకపకా నవ్వేది. వాణికీ నవ్వొచ్చేది. కుట్లు లాగుతాయని ఆపుకునేది.

గురువారం తెల్లవారేసరికి వాణి వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. కాసేపటికి పెదవుల మీద చీమలు పాకడం మొదలైంది.

చెబితే ప్రయాణం ఆగుతుంది. సంగం ఎంత దూరమని? తిథి అయ్యాక వచ్చి చెప్పుకోవచ్చు.

ఎలిశబెతు వచ్చింది.

"తిమ్మిరుందా టీచరుగారూ?"

"లేదు."

"అబద్ధం సిస్టరమ్మా," అంది పేరమ్మ. "పొద్దున్నుంచి వేళ్ళు నలుపుకుంటానే ఉండాది."

ఎలిశబెతు దగ్గరికి వచ్చి, వాణి చెవి ముందు, బుగ్గ మీద వేలితో తట్టింది. పై పెదవి దానంతటదే అదిరింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ అదిరింది.

రక్తం తీసి చూస్తే కాల్షియం పడిపోయి ఉంది. సెలైన్‌లో కాల్షియం ఎక్కించారు. ప్రయాణం లేదన్నారు.

అందరూ వెళ్ళాక వాణి నోరు విప్పింది.

"నిన్నెవరడిగారు? నా సంగతి నీకెందుకు?"

"తిట్టు తల్లీ. తిథి మళ్ళీ ఏటికొస్తుంది. చూసేదానికి నువ్వుండాల గదా."

వాణి గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం పేరమ్మ ఇంటికి బయల్దేరింది. ముందురోజు ఆమె రక్తపరీక్ష బాగానే ఉంది. మాత్రలిచ్చారు. తిమ్మిరుంటే వెంటనే రమ్మన్నారు.

"నా చేతులకా సిస్టరమ్మా? అట్టయితే మంచం ఈడనే ఉంచండి," అని నవ్వింది. తర్వాత వాణి మంచం దగ్గర కాసేపు నిలబడింది.

"పోయొస్తా టీచరమ్మా."

వాణి తిరగలేదు.

శుక్రవారం సంగంలో తిథి జరిగిపోయింది. తమ్ముడు ఫోన్లో చూపించాడు. అమ్మ ఫొటో, పూలదండ, చుట్టాలు. వాణికి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

కుట్లు చూపించుకోవడానికి మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరు అన్నాడు.

"ఆరోజు బస్సెక్కి ఉంటే సంగం కాదు గదా, దారిలో బుచ్చి కూడా దాటేవాళ్ళు కాదు టీచరుగారూ."

వాణి ఎలిశబెతు దగ్గర పేరమ్మ నంబరు తీసుకుంది. బయట బెంచీ మీద కూర్చుని, చెప్పవలసిన మాటలు మనసులో పేర్చుకుని, ఫోన్ చేసింది.

"పేరమ్మ ఉందా?"

"లేదమ్మా. నేను కూతుర్ని, గంగాభవానిని."

"షెడ్డుకు పోయిందా? ఎప్పుడొస్తుంది?"

అవతల సముద్రపు గాలి హోరు.

"మా అమ్మ లేదమ్మా. ఇంటికొచ్చిన మూడోనాడు పోయింది."

వాణి ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

"చేతులు కొంకర్లు పోతుండాయి, ఆసుపత్రికి పోదాం రామ్మా అన్నా. ఐసు తిమ్మిరిలే, ఎండకు కూర్చుంటే పోద్ది అనింది. ఆటో వచ్చేలోపలే ఊపిరాడలేదు. ఇంతకీ మీరెవరమ్మా?"

"పక్క మంచం..."

"టీచరమ్మా! మీకెట్టుందో ఏమో అని అనుకుంటానే ఉండింది అమ్మ."

"నేను వేళ్ళు నలుపుకుంటే అది తిమ్మిరేనని ఆమెకెట్లా తెలిసింది?"

"అదే చెప్పి నవ్వింది టీచరమ్మా. ఆయమ్మ వేళ్ళు నలుపుకుంటుంటే నా వేళ్ళూ అట్నే తిమ్మిరెక్కి ఉండాయి అనింది. నావంటే ఐసు చేతులు, సుద్దముక్క పట్టుకునే చేతులకు తిమ్మిరి ఎందుకొస్తుందబ్బా అని అమ్మకు అనుమానమొచ్చిందంట."

వాణి తన వేళ్ళు చూసుకుంది. తిమ్మిరి లేదు.

ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ, నీకెట్టుంది పేరమ్మా అని తను ఒక్కసారి కూడా అడగలేదు.